హన్నక్క మాటలు నేను దాచిపెట్టాను

2024 జూలై. నారాయణఖేడ్‌లో మా ఆడపిల్లల హోమ్‌లో అప్పటికి ఇరవై ఆరుగురు పిల్లలున్నారు. తల్లిదండ్రులు లేనివాళ్లు కొందరు, ఉన్నా చూసుకునే పరిస్థితి లేనివాళ్లు కొందరు. నేను అక్కడ హౌస్ మదర్‌ని. ఆ మాట వినగానే చాలామంది వంటమనిషి అనుకుంటారు. వంటకు ఈరమ్మ ఉంది. ఆఫీసు చూసుకోవడానికి సూపరింటెండెంట్ విజయ మేడం ఉంది. పొద్దున పిల్లలను లేపడం, తలలు దువ్వడం, బడికి పంపడం, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోవడం, కొట్లాడుకుంటే విడిపించడం నా పని. పిల్లలతో పాటు అక్కడే పడుకోవాలి. నెలకు రెండు రోజులు సెలవు.

పదకొండేళ్లు అట్లా చేశాను. నా సొంత బిడ్డ మనూర్‌లో మా అమ్మ దగ్గర పెరిగింది, పెళ్లై బీదర్ వెళ్లింది. ఒకసారి కోపం మీద, "నువ్వు ఊరోళ్ల పిల్లలకే అమ్మవు" అంది. ఈ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి ఇదొక కారణం అయి ఉండవచ్చు. దీన్ని సాకుగా మాత్రం తీసుకోవద్దు.

ఆ పిల్లల్లో భాగ్య అనే ఏడేళ్ల పాప ఉండేది. నాగల్‌గిద్ద అవతల కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. ఇంట్లో కన్నడ, బడిలో తెలుగు. తల్లి జబ్బు చేసి చనిపోయింది. తండ్రి చెరకు కొట్టే పనికి వెళ్లి మళ్లీ రాలేదు. మిగిలింది తల్లి తల్లి కాశవ్వ ఒక్కతే. ఆమెకు రెండు కళ్లకూ శుక్లాలు. పొయ్యి మీద కుండ ఎక్కడుందో కనబడని మనిషి పిల్లను ఎట్లా సాకుతుంది? సి.డబ్ల్యు.సి. భాగ్యను మా దగ్గరికి పంపింది. సి.డబ్ల్యు.సి. అంటే పిల్లల సంక్షేమ కమిటీ. సంగారెడ్డిలో కూర్చుంటుంది. ఏ పిల్ల ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వాళ్లే.

భాగ్య వచ్చిన కొత్తలో మాట్లాడేది కాదు. అడిగితే తల ఊపడం, లేకపోతే కన్నడలో "బేడ" అనడం, అంటే వద్దని. తల దువ్వబోతే మెడ బిగించేది. పక్క తడిపేది. ఆ తడిసిన దుప్పటిని మిగతా పిల్లలు లేవకముందే తీసుకెళ్లి ఉతికేదాన్ని, ఎవరూ ఎగతాళి చేయకూడదని. ఏడాదిన్నర అట్లా గడిచింది. చివరికి పక్క తడపడం ఆగింది. నన్ను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. అది నా విజయం అనుకున్నాను. నాకు తప్ప ఎవరికీ తెలియని విజయం.

జూలైలో హన్నా వచ్చింది. ఫిన్లాండ్ దేశం, ఇరవై నాలుగేళ్లు. విదేశాల్లో అనాథ పిల్లల దగ్గర స్వచ్ఛందంగా పనిచేయాలనుకునేవాళ్లను పంపే ఒక సంస్థ ద్వారా మూడు నెలలకు వచ్చింది. పోలీసు వెరిఫికేషన్, జిల్లా అనుమతి, పిల్లల ఫొటోలు తీయనని సంతకం, అన్నీ పూర్తయ్యాకే లోపలికి రానిచ్చారు. అంతకుముందు అట్లాంటివాళ్లను ఇద్దరిని చూశాను. ఒకామె పదిహేను రోజుల్లో కడుపునొప్పితో వెళ్లిపోయింది. రెండో ఆమె పిల్లలకు చాక్లెట్లు పంచి, కన్నీళ్లు పెట్టుకుని, నెలకే విసిగిపోయింది. ఈమె కూడా అంతే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అంతే కావాలని కోరుకున్నాను.

హన్నా అట్లా చేయలేదు. ఈరమ్మ పక్కన కింద కూర్చుని జొన్న రొట్టె పచ్చిమిరపకాయ తొక్కుతో తిన్నది. ముక్కు కారుతున్నా ఆపలేదు. బాత్రూములు కడిగే వంతు వస్తే చీపురు పట్టుకుంది. వారం తిరగకుండానే ఇరవై ఆరు పేర్లూ నేర్చుకుంది. పిల్లలు ఆమెకు హన్నక్క అని పేరు పెట్టారు. నాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఎంత వెతికినా దొరకకపోవడం నన్ను ఇంకా కాల్చింది.

ఒక సాయంత్రం ఆరిన బట్టల టబ్బు పట్టుకుని డాబా మెట్లు దిగుతుంటే కింద నుంచి ఒక నవ్వు వినబడింది. ఎవరిదో తెలియలేదు. మా పిల్లల్లో ఎవరు దగ్గినా, తుమ్మినా, ఏడ్చినా చూడకుండానే పేరు చెప్పగలను. ఆ నవ్వు మాత్రం కొత్తగా ఉంది. తొంగి చూస్తే భాగ్య. వసారాలో హన్నా ఎదురుగా కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఊట ఆయ్తా" అంటోంది భాగ్య, టీచరమ్మ లాగా వేలు ఆడిస్తూ. కన్నడలో అన్నం తిన్నావా అని.

"ఊటీ ఐటా" అంది హన్నా.

"ఊటీ కాదు! ఊట! ఊట!"

మళ్లీ నవ్వు. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. రెండేళ్ల దగ్గరగా ఆ పిల్ల నా చేతి అన్నం తింటోంది. ఒక్కసారి కూడా నా ముందు అట్లా నవ్వలేదు. నేను సంతోషించాల్సింది, సంతోషించలేదు. నా ఇంట్లో దాచుకున్న వస్తువును ఎవరో వచ్చి బయట పెట్టి అందరికీ చూపిస్తున్నట్టు అనిపించింది.

ఇప్పుడు ఆలోచిస్తే కారణం తేలికగానే కనబడుతుంది. నా దగ్గర భాగ్య ఎప్పుడూ నేర్చుకునే పిల్ల. ఇట్లా కూర్చో, అట్లా తిను, తెలుగులో చెప్పు. హన్నాకు తెలుగూ రాదు, కన్నడా రాదు. ఆమె ముందు భాగ్యే అన్నీ తెలిసిన మనిషి. ఆ పిల్లకు జీవితంలో మొదటిసారి పెద్దరికం దొరికింది. ఇది నాకు ఆ రోజు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

మరుసటి వారం ఒక పొద్దున దువ్వెన తీసుకుని పిలిస్తే భాగ్య అప్పటికే రెండు జడలతో వచ్చింది. వంకరగా ఉన్నాయి. పాపిడి పాములా మెలికలు తిరిగింది.

"ఎవరేసిన్రు?" అన్నాను.

"హన్నక్క."

"గిట్ల వంకర జడలతోని బడికి పోతవా? రా, మల్ల ఏస్త."

"బేడ" అంది. రెండు చేతులతో జడలు పట్టుకుని వెనక్కి జరిగింది.

కొన్ని నెలలుగా నా దగ్గర వాడని మాట అది. నేను ఆమె చేతులు విడదీసి, జడలు విప్పి, తిరిగి వేశాను. గట్టిగా లాగాను. ఆమె ఏడవలేదు, మెడ మాత్రం బిగించింది, మొదటి రోజుల్లోలాగా.

ఆ తర్వాత డ్యూటీ లిస్టు మార్చాను. ఎవరు ఏ పిల్లలతో ఉండాలో రాసేది నేనే. చిన్నపిల్లల గదిలో ఉండే హన్నాను పెద్దపిల్లల ఇంగ్లిష్ ట్యూషన్‌కు మార్చాను. పెద్దపిల్లలకు పరీక్షలున్నాయని మేడంకు చెప్పాను. భాగ్య మంచాన్ని కిటికీ దగ్గర నుంచి నా మంచం పక్కకు జరిపాను. గాలి తగులుతోంది, జలుబు చేస్తుందని చెప్పాను. చేసిన ప్రతి పనికీ ఒక మంచి కారణం చూపించగలిగాను. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషికి కారణాలకేం కొదవ?

ఈరమ్మ మాత్రం పప్పు రుబ్బుతూ నా ముఖం చూడకుండానే అంది: "ఏందక్క, గా హన్న పిల్లతోని సవతి లెక్క జేస్తున్నవ్?"

"నాకేం పని లేదా?" అన్నాను.

"పని మస్తుగ ఉంది. గందుకే జెప్తున్న."

మూడు రోజులు ఈరమ్మతో మాట్లాడలేదు.

అక్టోబరులో హన్నా వెళ్లే వారం వచ్చింది. ఒక మధ్యాహ్నం స్టోర్ రూములో బియ్యం కొలుస్తుంటే నా దగ్గరికి వచ్చింది. అప్పటికి తెలుగు కొంచెం కూడబలుక్కుని మాట్లాడేది, పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగు.

"మార్తమ్మా, నేను భాగ్యకు చెప్తా. నేను పోతున్న అని. మెల్లగ చెప్తా."

"వద్దు" అన్నాను. "చెప్తే ఏడుస్తది. తిండి తినదు. పిల్లలు బడికి పోయినంక పో. రెండు రోజులైతే మర్చిపోతరు."

అప్పటిదాకా చాలా హోముల్లో అట్లాగే చేసేవాళ్లం. ఏడుపు చూడకుండా ఉంటే పిల్లలకు బాధ తగ్గుతుందని నమ్మేవాళ్లం. కాబట్టి నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ చెప్పేటప్పుడు నా లోపల ఉన్న కోరిక వేరు. వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను చూడలేను. ఆ ఏడుపు నా కోసం ఎవరూ ఏడవలేదు.

హన్నా "మీకు ఎక్కువ తెలుసు" అంది. ఆ మాటతో ఒప్పుకుంది.

పిల్లలు బడికి వెళ్లాక ఆమె హైదరాబాద్ బస్సెక్కింది. సాయంత్రం భాగ్య సంచీ కూడా దించకుండా హన్నా గదికి పరిగెత్తింది. చుట్టేసిన పరుపు, ఖాళీ కొక్కెం. వెనక్కి వచ్చి నన్ను అడగలేదు. వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం తినమంటే తిన్నది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. "చూసినవా, ఏం గాలే" అని ఈరమ్మతో అన్నాను కూడా.

మా హోమ్‌లో ఒక రూలుంది. వెళ్లిపోయిన వలంటీర్ నేరుగా పిల్లలతో మాట్లాడకూడదు. ఏది పంపినా ఆఫీసు ఫోన్‌కు రావాలి, మేడం విని సరేనంటే హౌస్ మదర్ పిల్లకు వినిపించాలి. పిల్లల రక్షణ కోసం పెట్టిన రూలు, మంచి రూలే. హన్నా వారానికొక వాయిస్ మెసేజ్ పంపుతానని అడిగితే మేడం ఒప్పుకుంది. మొదటిది వచ్చిన రోజు మేడం విని, ఫోన్ నా చేతికిచ్చి, "సాయంత్రం భాగ్యకు పెట్టు మార్తమ్మా" అంది.

స్టోర్ రూములోకి వెళ్లి తలుపు వేసి నేనొక్కదాన్నే విన్నాను.

"భాగ్యా, నేను హన్నక్క. నేను మంచిగ చేరిన. ఇక్కడ మస్తు చలి. ఊట ఆయ్తా? ఇప్పుడు మంచిగ అన్న గద? నీకు జడలు ఎవరు వేస్తున్నరు?"

జడలు అనేదాకా వినిపిద్దామనే అనుకున్నాను. ఆ మాట దగ్గర ఫోన్ ఆపేశాను. రేపు వినిపిద్దాంలే అనుకున్నాను. రేపు వచ్చింది. ఆ సాయంత్రం మేడం అడిగితే, "వినిపించిన మేడం" అనే మాట నా నోట్లో నుంచి తడబడకుండా వచ్చింది.

రెండో వారం ఇంకొకటి వచ్చింది. మూడో వారం మంచు పడుతోందని, కిటికీ తెరిచి ఆ గాలి చప్పుడు రికార్డు చేసి పంపింది. నేను అన్నీ విన్నాను. ఒక్కటీ వినిపించలేదు. రిజిస్టర్‌లో మాత్రం వినిపించినట్టు సంతకం పెట్టాను.

నాలుగో వారంలో ఒకరోజు భాగ్య నా దగ్గరికి వచ్చింది. నేను పాత గౌన్లకు గుండీలు కుడుతున్నాను.

"పెద్దమ్మా, హన్నక్క ఫోన్ జేసిందా?"

"లేదు బిడ్డ."

"ఒక్కసారి గూడ జెయ్యలేదా?"

సూది వైపే చూస్తూ, "ఆళ్లు గట్లనే బిడ్డ. వస్తరు, పోతరు. ఎప్పటికి ఉండేది నేనే" అన్నాను.

భాగ్య వచ్చి నా ఒడిలో తల పెట్టుకుంది. తనంతట తాను రావడం అదే మొదటిసారి. నా కొంగు వేలికి చుట్టుకుని అట్లాగే నిద్రపోయింది. కాళ్లు తిమ్మిరెక్కినా నేను కదలలేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. గెలిచాననుకున్నాను. ఇరవై నాలుగేళ్ల పిల్ల మీద, ఎక్కడో మంచులో కూర్చుని తెలుగు కూడబలుక్కునే పిల్ల మీద, నలభై ఎనిమిదేళ్ల నేను గెలిచాను.

ఐదో మెసేజ్ వచ్చిన మూడో రోజు, మధ్యాహ్నం ఒంటిగంటకు బడి నుంచి ఫోన్ వచ్చింది. అన్నం బెల్లు తర్వాత భాగ్య క్లాసులోకి రాలేదు.

హోమ్‌లో పనిచేసేవాళ్లకు అంతకన్నా భయపెట్టే ఫోన్ లేదు. మేడం పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తింది. నేను బడి వెనక, మార్కెట్, దవాఖాన, కంగ్టి వైపు ఆటోలు ఆగే చోటు, అన్నీ తిరిగాను. చెప్పు తెగితే చేతిలో పట్టుకుని నడిచాను. బస్టాండ్‌లో పల్లీలమ్మే ఆమె చెప్పింది: "గీ సైజు పిల్ల, బడి డ్రెస్సు? హైదరాబాద్ బస్సెక్కింది గద. ఎవరో ఆడామె ఎంబడి ఎక్కింది. ఆమె బిడ్డనే అనుకున్న."

ఎవరా ఆడామె? ఎక్కడికి తీసుకుపోతోంది?

గంటన్నర తర్వాత ఆఫీసు ఫోన్ మోగింది. జోగిపేట బస్టాండ్ నుంచి. బస్సు కండక్టర్ కూడా ఆడమనిషే. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కాబట్టి డబ్బులు అడగలేదు, పక్క సీటు ఆమెతో వచ్చిన పిల్ల అనుకుందట. జోగిపేటలో ఆమె దిగిపోయి పిల్ల దిగకపోయేసరికి అనుమానం వచ్చింది. మెడలో ఉన్న బడి కార్డు మీద మా నంబరు చూసి ఫోన్ చేసింది. ఆ కండక్టరమ్మ ముఖం నేను చూడనైనా లేదు, మేం చేరేసరికి ఆమె బస్సు వెళ్లిపోయింది. భాగ్యను కంట్రోలర్ గదిలో కూర్చోబెట్టి, చేతికి బిస్కెట్ పొట్లం ఇచ్చి వెళ్లింది. పొట్లం విప్పకుండా అట్లాగే ఉంది.

మేడం కంట్రోలర్‌తో కాగితాలు రాస్తుంటే నేను భాగ్య ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఏడికి పోతున్నవ్ బిడ్డ?"

"విమానం కాడికి."

"ఎందుకు?"

"హన్నక్క దగ్గరికి పోత. ఒకటి అడుగుత."

"ఏం అడుగుతవ్?"

భాగ్య బిస్కెట్ పొట్లం వైపు చూస్తూ చెప్పింది: "నేనేం తప్పు జేసిన అని. అందరు ఎందుకు పోతరు అని."

అప్పటిదాకా ఆ పిల్ల నా ఒడిలోకి ఎందుకు వచ్చిందో నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ప్రేమతో వచ్చింది అనుకున్నాను. నేను కూడా వెళ్లిపోతానేమోనని భయపడి వచ్చింది. నా కొంగు వేలికి చుట్టుకున్నది అందుకే. తల్లి చెప్పకుండా పోయింది, తండ్రి చెప్పకుండా పోయాడు, హన్నక్క చెప్పకుండా పోయి ఒక్క మాట కూడా పంపలేదు. ముగ్గురూ తన వల్లే పోయారని ఏడేళ్ల పిల్ల లెక్క వేసుకుంది. ఆ మూడోది నేను కల్పించి ఇచ్చిన లెక్క.

తిరుగు దారిలో జీపులో భాగ్య నిద్రపోయింది. నేను మేడంకు మొత్తం చెప్పాను. మేడం అంది: "ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలె మార్తమ్మా. రూలు ప్రకారం మెసేజ్‌లు కొన్ని రోజులు ఆపినమని రాస్తే నడుస్తది. ఎవరు అడగరు."

ఇన్సిడెంట్ రిపోర్ట్ అంటే హోమ్‌లో పిల్లకు ఏదైనా ప్రమాదం జరిగితే ఇరవై నాలుగు గంటల్లో పంపాల్సిన కాగితం. మేడం నన్ను కాపాడాలనే అన్నది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది, అది కూడా నిజం. కానీ వెనక సీట్లో పిల్ల నిద్రలో కూడా బిస్కెట్ పొట్లం వదల్లేదు. "వద్దు మేడం, నేనే రాస్త" అన్నాను.

మరుసటి రోజు ఆఫీసు గదిలో భాగ్యను కూర్చోబెట్టి ఐదు మెసేజ్‌లూ వినిపించాను. మొదటిది వింటుంటే నోరు తెరుచుకుని ఫోన్ వైపే చూసింది. మంచు గాలి చప్పుడు విని ఫోన్ వెనక వైపు తిప్పి చూసింది.

"మల్ల పెట్టు" అంది. మళ్లీ పెట్టాను. మూడోసారి కూడా పెట్టాను.

"ఇవి ఎప్పుడొచ్చినయ్?"

"వారానికొకటి వచ్చినయ్ బిడ్డ. నేనే చెప్పలే."

"ఎందుకు?"

ఏడేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి మాటలు వెతుక్కున్నాను. "నీకు హన్నక్క అంటే ఎక్కువ ఇష్టం అని నాకు కుళ్లయ్యింది. గందుకు దాచిన. నువ్వేం తప్పు జెయ్యలే. తప్పు నాది."

భాగ్య ఫోన్ నా చేతిలో పెట్టింది. "నేను నీ పక్కనే పండుకుంటుంటి గద" అంది. ఇంకేమీ అనకుండా లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు నన్ను పెద్దమ్మా అని పిలవలేదు. తల ఈరమ్మ దగ్గర దువ్వించుకుంది. మంచం తిరిగి కిటికీ దగ్గరికి జరపమంది, జరిపాను.

హన్నాకు కూడా చెప్పాలని మేడం అంది. వీడియో కాల్‌లో చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. ఇంగ్లిష్‌లో ఏదో అంది. మేడం తెలుగులో చెప్పబోతే వద్దన్నాను. మిమ్మల్ని నమ్మాను అని అంటోందని ఆ గొంతే చెబుతోంది. ఆమె కళ్లు తుడుచుకుని తెలుగులో అంది: "నేను చెప్పి పోవాలె. మీరు వద్దన్నరు, అయినా చెప్పాలె. అది నా తప్పు." నన్ను క్షమించానని మాత్రం అనలేదు. అనాలని నేను ఎదురుచూడకూడదు కదా.

సంగారెడ్డిలో కమిటీ ముందు నిలబడ్డాను. రిపోర్ట్ చదివిన మేడం ఒకామె కళ్లద్దాలు తీసి, "ఎందుకు వినిపించలేదమ్మా?" అని అడిగింది.

"కుళ్లు మేడం. ఆ పిల్ల నన్ను కాదని ఆమెను ఇష్టపడితే ఓర్వలేకపోయిన."

నాకు మెమో ఇచ్చారు. ఆరు నెలలు ఏ పిల్ల విషయంలోనూ నా ఒక్కదాని మాట మీద నిర్ణయం తీసుకోకూడదని రాశారు. ఉద్యోగం మాత్రం ఉంచారు. మా హోమ్‌లో పద్ధతులు కూడా మారాయి. వలంటీర్ వచ్చిన మొదటి రోజే ఎప్పుడు వెళ్తుందో పిల్లలకు చెబుతారు, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీస్తారు. వెళ్లే రోజు పిల్లలందరి ముందే వెళ్తుంది. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. ఏడ్చి, టాటా చెప్పి, అన్నం తింటారు. ఇన్నేళ్లూ మేం దేనికి భయపడ్డామో నాకు ఇప్పుడు అర్థం కాదు.

2025 వేసవిలో కాశవ్వ కళ్లకు ఆపరేషన్ అయింది. పనికి వలస పోయిన ఆమె కొడుకు కూడా భార్యతో ఊరికి తిరిగి వచ్చి కందులు వేసుకుంటున్నాడు. ఫీల్డ్ వర్కర్ వాళ్లింటికి వెళ్లి అంతా చూసి వచ్చింది. పిల్లను సొంతవాళ్ల దగ్గరికి తిరిగి చేర్చడాన్ని మేం రెస్టోరేషన్ అంటాం. హోమ్ పెట్టింది అందుకే, పిల్ల ఎప్పటికీ మా దగ్గరే ఉండాలని కాదు. కాశవ్వ చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ భాగ్య ఆమె ఒళ్లో ఎక్కి కూర్చుని కన్నడలో గలగలా మాట్లాడేది. నాకు మళ్లీ అదే కుళ్లు. ఈసారి వెంటనే ఆఫీసుకు వెళ్లి, "మేడం, నాకు మల్ల గట్లనే అయితుంది" అని చెప్పాను. మేడం నవ్వలేదు. "మంచిది చెప్పినవ్. బట్టలు సర్దే పని ఈరమ్మ జూస్తది" అంది.

భాగ్యకు రెండు నెలల ముందే చెప్పాం. వెళ్లే రోజు నా దగ్గరికి వచ్చి, "నువ్వు ఫోన్ జేస్తవా పెద్దమ్మా?" అని అడిగింది. ఆ పిలుపు అప్పటికి తిరిగి వచ్చింది, ఎప్పుడు వచ్చిందో నాకు సరిగ్గా తెలియదు. "ఆదివారం ఆదివారం జేస్త" అన్నాను. ఇంటికి వెళ్లిన పిల్లలు ఎట్లా ఉన్నారో కనుక్కోవడం మా పనిలో భాగం కూడా.

మొదటి ఆదివారం ఫోన్ చేస్తే కాశవ్వ ఎత్తింది. "ఆడుకుంటుంది. ఇప్పుడు రాదు" అని పెట్టేసింది. రెండో ఆదివారం, "పండుకుంది" అంది. వెనక నుంచి భాగ్య నవ్వు స్పష్టంగా వినబడుతోంది. కాశవ్వ గొంతులో ఉన్నదేమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కూతురు పోయి, కళ్లు పోయి, ఉన్న ఒక్క మనుమరాలిని ఎవరికో అప్పజెప్పి, ఇప్పుడు తిరిగి తెచ్చుకుంది. ఆ పిల్ల ఫోన్‌లో ఇంకొకరిని పెద్దమ్మా అంటుంటే ఎట్లా ఓర్చుకుంటుంది?

కోపం రాలేదు. మూడో ఆదివారం భాగ్యను ఇవ్వమని అడగలేదు. కళ్లు ఎట్లున్నయి, చుక్కల మందు వేసుకుంటున్నవా, కంది చేను మొలిచిందా అని అడిగాను. కాశవ్వ ముందు ముక్తసరిగా, తర్వాత వివరంగా చెప్పింది. చివరికి తనే అడిగింది.

"ఏమమ్మా, గీ పిల్లకు కోడిగుడ్డు పడదా? తినంగనే ఒళ్లంత దద్దుర్లు లేస్తున్నయ్."

"పడదు అవ్వ. సొన అసలే పడదు. మేం గూడ మస్తు పరేషాన్ అయినం."

"గట్లనా. నాకు ఎరుకలే." తర్వాత ఆమె గొంతు పక్కకు తిరిగింది, పిల్లను ఇటు రమ్మని పిలుస్తూ: "భాగ్యా, బా ఇల్లి! మీ పెద్దమ్మ ఫోన్ జేసింది."

ఇప్పుడు కొత్తగా చేరే హౌస్ మదర్లకు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు నన్ను కూడా మాట్లాడమంటారు. జ్వరాలు, తిండి, రిజిస్టర్లు, అన్నీ చెబుతాను. కుళ్లు గురించి కూడా చెబుతాను. పిల్లలను సాకే పనిలో అది వస్తుంది, వలంటీర్ మీద, టీచర్ మీద, సొంత అవ్వ మీద కూడా వస్తుంది, రాకుండా ఎవరూ ఆపలేరు. వచ్చిన రోజు పై మనిషికి చెప్పండి, ఆ రోజు ఆ పిల్ల గురించి ఏ నిర్ణయమూ మీరు ఒక్కరే తీసుకోవద్దు అంటాను. వాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అట్లా ఎవరైనా చేశారా అని. అప్పుడు ఈ కేసు చెబుతాను. పాప పేరు మారుస్తాను, వలంటీర్ పేరు మారుస్తాను, అవ్వ పేరూ ఊరి పేరూ మారుస్తాను. నా పేరు మాత్రం మార్చను.